విగ్రహాలు తీసేస్తే చాలా? ప్రవక్తల హెచ్చరిక డబ్బుకు కూడా వర్తిస్తుందా?

ఆలివ్‌కొమ్మ:
అందరికీ వందనాలు. జనం తమ వెండిని వీధుల్లో పారేస్తారని, ఉగ్రత దినాన వెండి బంగారాలు వాళ్లను తప్పించలేవని యెహెజ్కేలు 7:19లో ఉంది. మా బైబిల్ స్టడీలో దీని మీద వాదన తెగలేదు. తరువాతి వచనంలో వాటితోనే విగ్రహాలు చేసుకున్నారని ఉంది కాబట్టి ఇది విగ్రహారాధకులకే అని కొందరు, మనకూ వర్తిస్తుందని కొందరు. మీరేమంటారు?

గలిలయ_తీరం:
ఇది విగ్రహాల సంగతే. అబ్రాహాముకు ఆస్తి లేదా? భాగ్యం సంపాదించుకునే సామర్థ్యం దేవుడే ఇస్తాడని ద్వితీయోపదేశకాండము 8:18 చెబుతోంది. డబ్బున్న ప్రతి విశ్వాసినీ దోషిలా చూడటం న్యాయం కాదు.

వేకువ_పాఠకుడు:
బ్రదర్, ఆస్తి ఉండటమే తప్పని ప్రవక్తలు అనలేదు, ఒప్పుకుంటాను. కానీ విగ్రహాలు పోతే ప్రమాదం పోయినట్టేనా? యూదా రాజు హిజ్కియానే చూడండి. ఉన్నత స్థలాలను, అంటే గుట్టల మీది పూజాస్థలాలను పడగొట్టాడు. జనం ధూపం వేస్తున్నారని మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని సైతం ముక్కలు చేశాడు. అంతటి రాజు, క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా పట్టణాలు పట్టుకునేసరికి 300 తలాంతుల (తలాంతు అంటే ఆనాటి ఒక పెద్ద తూకం) వెండి, 30 తలాంతుల బంగారం కట్టడానికి ఒప్పుకున్నాడు. మందిరంలో, రాజు ఖజానాలో ఉన్న వెండంతా ఇచ్చేశాడు. తానే మందిరం తలుపులకు వేయించిన బంగారు రేకును ఒలిపించి మరీ పంపాడు. సన్హెరీబు శాసనంలో కూడా బంగారం 30 తలాంతులే, వెండి మాత్రం 800 అని ఉంది. అంతా పుచ్చుకుని ఊరుకున్నాడా? లాకీషు పట్టణం నుంచి యెరూషలేము మీదికి సైన్యాన్ని పంపాడు (2 రాజులు 18:17). దేవుని ఇంటి తలుపులు ఒలిచి ఇచ్చినా ఒక్క రోజు నెమ్మది దొరకలేదు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు చాలా బాధ కలుగుతుంది.

గలిలయ_తీరం:
కానీ ఆనాడు యెరూషలేము పడలేదు కదండీ. రాజు ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. జనం ప్రాణాల కోసం కప్పం కట్టడాన్ని డబ్బు మీద నమ్మకం అంటే ఎలా?

వేకువ_పాఠకుడు:
సరే, కప్పం సంగతి పక్కన పెడదాం. యెషయా 39కి రండి. హిజ్కియా తన దగ్గరికి వచ్చిన బబులోను దూతలకు వెండి, బంగారం, సుగంధ ద్రవ్యాలు, పరిమళ తైలం, ఆయుధశాల, అన్నీ చూపించాడు. నీ ఇంట్లో వాళ్లు ఏమేమి చూశారని యెషయా ప్రవక్త అడిగాడు. అక్కడ విగ్రహం ఊసే లేదు. అయినా అవన్నీ బబులోనుకు పోతాయని తీర్పు వచ్చింది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు ఖజానాలు దోచుకుపోయాడు, సొలొమోను చేయించిన బంగారు పాత్రలను ముక్కలు చేయించాడు.

గలిలయ_తీరం:
ఆ తీర్పు గర్వానికి వచ్చింది, ధనానికి కాదు. 2 దినవృత్తాంతములు 32:25 చూడండి, అతని మనసు గర్వించిందని స్పష్టంగా ఉంది.

వేకువ_పాఠకుడు:
చూశాను. 26వ వచనంలో తన్ను తాను తగ్గించుకున్నాడు, అందుకే అతని రోజుల్లో దేవుని కోపం రాలేదు. 27 కూడా చదవండి బ్రదర్. వెండికి, బంగారానికి, రత్నాలకు, సుగంధ ద్రవ్యాలకు, డాళ్లకు అతను కట్టించిన ఖజానాల పట్టిక అక్కడే ఉంది. దేన్ని చూసుకుని గర్వించాడంటారు?