పద్యం అనగానే ఆవలిస్తున్నారు, ఏం చేయమంటారు?

పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను:
మా వీధి రామాలయం అరుగు మీద ఆదివారం పూట పదకొండు మంది పిల్లలకు తెలుగు చెబుతున్నాను. అందరూ ఆరు నుంచి ఎనిమిదో తరగతి, ఒడియా మీడియం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరాలు మాత్రం ఇంకా కూడబలుక్కుంటున్నారు. అందుకని పద్యాలు ఒడియా లిపిలో రాసుకుంటారు. కథ చెబితే కళ్ళప్పగించి వింటారు. పద్యం అనగానే ఒకడు ఆవలిస్తాడు, వాణ్ణి చూసి మిగతా పదిమందీ!

అప్పజెప్పినవాళ్ళకి చాక్లెట్ అన్నాను. ప్రతి వారం అదే ఇద్దరు తినేస్తున్నారు.

పోయిన వారం ఇంకో తమాషా. ఒకమ్మాయి తను రాసుకున్నదే చూసి 'మేడ మీద'ని 'మెడ మీద' అని చదివింది. తప్పు దానిది కాదు లెండి. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే అక్షరం, ఒ, ఓలకూ అంతే.

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి జయంతి. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి, ఆ రోజు పిల్లల చేత నాలుగు పద్యాలైనా చెప్పించకపోతే నాకే చిన్నతనం. ఆటలతో చెప్పేవాళ్ళుంటే దారి చూపండి.

బరంపురం మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, ముందు అర్థం పక్కన పెట్టు. గురువుకి (దీర్ఘం గానీ, సున్నా ఉన్నది గానీ, ఒత్తక్షరం ముందున్నది గానీ) నేల మీద చరుపు, లఘువుకి (మిగతా పొట్టి అక్షరం) చప్పట. వేమన పద్యంలో 'చూడ చూడ రుచుల జాడ వేరు' తీసుకో. చరుపు-చప్పట, చరుపు-చప్పట అని పోతూ 'రుచుల' దగ్గర మూడూ చప్పట్లే. అక్కడ చేతులు తడబడతాయి, నవ్వులు మొదలవుతాయి. నీ మెడ-మేడకీ ఇదే మందు. మెడకి రెండు చప్పట్లు, మేడకి చరుపూ చప్పటా.
ఈ పద్యం ఆటవెలది. దాని రెండో పాదం, నాలుగో పాదం ఐదేసి సూర్యగణాలు, అంటే ఒక్కో అక్షరాల గుంపు గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు). అక్కడ మొదలెట్టు. మొదటి, మూడో పాదాల చివర రెండేసి వచ్చే ఇంద్రగణాల జోలికి అప్పుడే పోకు.

రాయగడ నుంచి, ఇద్దరు పిల్లల తల్లి:
మాస్టారూ, అర్థం పక్కన పెట్టడమేంటండీ! మా చిన్నాడికి 'ఉప్పు కప్పురంబు' వచ్చింది అర్థంతోనే. రెండు గిన్నెల్లో ఉప్పు, పొడి చేసిన కర్పూరం పెట్టి ఏది ఏదో దూరం నుంచి చెప్పమన్నాను. చెప్పలేకపోయాడు. దగ్గరికెళ్ళి వాసన చూసి గంతులేశాడు. ఒక్క మాట అక్కా, వాసనతోనే ఆపండి. హారతి కర్పూరం కడుపులోకి పోతే విషం, నాలిక మీద పెట్టనివ్వకండి.

సిరొంచ నుంచి:
మావాళ్ళది మరాఠీ బడి మేడమ్, అక్కడా ఎ, ఏలకు ఒక్కటే అక్షరం. దీర్ఘం ఉన్నచోట ఎర్ర పెన్నుతో పైన గీత పెట్టిస్తున్నాం. ఇక చాక్లెట్ సంగతి. గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరితో ఒక్కో గణమే చెప్పించండి. పద్యం పూర్తయితే అందరికీ, మధ్యలో తెగితే ఎవరికీ లేదు. ఆ ఇద్దరే మిగతావాళ్ళకి నేర్పిస్తారు చూడండి.

పర్లాకిమిడి:
రెండు వారాలైంది. చరుపులకి పూజారిగారు ఒకసారి బయటికొచ్చి చూసి వెళ్ళారు, ఏమీ అనలేదు. గుండ్రంగా కూర్చోబెడితే మొదటి రోజు ఐదుసార్లు తెగింది, చాక్లెట్లు నా సంచిలోనే ఉండిపోయాయి.
తర్వాత మేమే ఒక పాదం కట్టాం, కూరగాయలతో: 'బీర దోస పొట్ల వంగ బెండ'. లెక్క సరిపోయిందా మాస్టారూ?

బరంపురం మాస్టారు:
గణాలు భేష్. యతి ఏదమ్మా? నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలవాలి. బీకీ వకీ కలవదు.

పర్లాకిమిడి:
మీరన్నది చదివి వినిపిస్తే మేడ-మెడ అమ్మాయే సరిచేసింది: 'దోస బీర పొట్ల దొండ బెండ'. ఒడియా లిపిలో ఆ రెండూ ఒకే 'దో' కదా, రాసేటప్పుడు దోసకి మాత్రం తనే ఎర్ర గీత పెట్టుకుంది. ఇప్పుడు ఆవలింతలవాడు, కాకరకి చోటు లేదని అలిగాడు.

బరంపురం మాస్టారు:
కాకర భగణం (గురువు, రెండు లఘువులు), ఇంద్రగణాల్లోది. మొదటి పాదం నాలుగో చోట పెట్టమను. ముందు 'క' ఉండాలి మరి, కందతో ఎత్తుకోమను.

పర్లాకిమిడి:
'కంద చేమ వంగ కాకర చిక్కుడు'. వాడే, అరుగు మీద చరుస్తూ.

బరంపురం మాస్టారు:
మూడో పాదం ఎప్పుడు పంపిస్తాడు?