అతను దుబాయ్‌లో, నేను బొబ్బిలిలో: నోటీసు ఎలా ఇవ్వాలి?

నాకు కాబోయే ఆయన దుబాయ్‌లో వెల్డరు. సెలవు 22 రోజులే. వాళ్ళది చర్చి, మాది గుడి. అందుకని స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కిందే చేసుకుందామనుకున్నాం. పెళ్ళి చేసుకుంటామని రిజిస్ట్రార్‌కి నోటీసిచ్చాక 30 రోజులు ఆగాలట. 22 రోజుల్లో 30 ఎలా పడతాయండీ? అమ్మేమో అప్పుడే చుట్టాలకి ఫోన్లు చేసేస్తోంది.

గజపతినగరం అన్న: బెంగెట్టుకోకమ్మా. ఇద్దర్లో ఒకరు నోటీసిచ్చే జిల్లాలో 30 రోజులుగా ఉంటే చాలు, ఆ ఒకరు నువ్వే. అతను విమానం ఎక్కకముందే నోటీసు పడిపోవాలి. మా తమ్ముడు కువైట్‌లో సంతకం పెట్టి కొరియర్‌లో పంపాడు, తీసుకున్నారు. మీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒప్పుకుంటారో లేదో ముందే అడుగు. నోటీసు మూడు నెలలే పనిచేస్తుంది. సెలవు వాయిదా పడిందా, కథ మళ్ళీ మొదటికే.

చీపురుపల్లి అక్క: పేర్లు చూసుకో చెల్లీ! నా ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో మొత్తం ఉంది. పెళ్ళి సర్టిఫికెట్‌లో ఒక 'హెచ్' ఎక్కువ కొట్టారు. దాన్ని తీయించడానికి నాలుగుసార్లు బస్సెక్కాను, అదీ చంటిపిల్లతో. ఇంకోటి, ఆ సర్టిఫికెట్ దుబాయ్‌లో చెల్లాలంటే అపోస్టిల్ స్టిక్కరు (వేరే దేశాల్లో చెల్లేలా మన విదేశాంగ శాఖ అంటించేది) చాలదు. రాష్ట్రం ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ ఎంబసీ ముద్ర పడాలి. ఏజెంటు చేతికిచ్చే ముందు ఒరిజినల్ ఫొటో తీసుకో.

బొబ్బిలి నుంచి నేనే: ఇప్పుడే చూశాను, ఆయన పాస్‌పోర్టులో పేరు వెనకాముందైంది. సాక్షులు ముగ్గురు కావాలి కదా, ఇద్దరు దొరికారు. మూడోవాడు మా మావయ్య, అలిగి కూర్చున్నాడు.