లారీ కాంటా నుంచి సీరియల్ పోర్ట్‌లో సగం అంకెలే వస్తున్నయ్ (ఉబుంటు 22.04)

మిల్లు_లైనక్స్:
మాది నిజామాబాద్ దగ్గర రైస్ మిల్లు. లారీ కాంటా ఇండికేటర్ వెనక ఆర్‌ఎస్-232 (పాత రకం సీరియల్) పోర్ట్ ఉంది, దాన్ని సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ కేబుల్‌తోని సిస్టమ్‌కి పెట్టిన, తూకం సీదా బిల్లులకే రావాలని. ఇప్పుడైతే మా తమ్ముడు డిస్‌ప్లే చూసి చేత్తోని ఎక్కిస్తుండు, సీజన్ల రాత్రి రెండింటికి 24180 కాస్తా 21480 అయితది, రైతుతోని లొల్లి, అంత దూరం నుంచి వడ్లు తెచ్చిన మనిషికి తూకం తప్పు రాసిచ్చుడు నాకే మంచిగనిపిస్తలేదు.

మొదలు కేబుల్ పెట్టంగనే టీటీవైయూఎస్‌బీ0 (సిస్టమ్ ఆ కేబుల్‌కి ఇచ్చే పేరు) వచ్చి సెకన్‌ల మాయమైతుండె. బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉండే బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ ఆ పోర్ట్‌ని లాక్కుంటుందని తెలిసి దాన్ని తీసేసిన. పర్మిషన్ డినైడ్ అంటే యూజర్‌ని సీరియల్ పోర్ట్ వాడనిచ్చే డయలౌట్ గ్రూపుల కలిపి లాగౌట్ అయ్యి వచ్చిన. ఇప్పుడు స్పీడు 9600 పెట్టి, పోర్ట్‌ల వచ్చింది చూపే క్యాట్ కమాండ్ కొడితే కొన్ని అంకెలు వస్తున్నయ్, మిగతా చోట నల్ల డైమండ్‌ల ప్రశ్న గుర్తులు. 2400, 4800 పెడితే మొత్తం చెత్తే. కేబుల్ పోయిందా?

వైరింగ్_చూడు:
గ్రౌండ్ చూడు బ్రో, 5వ పిన్ లూజ్ అయితే ఇలాగే చేస్తది. లేదంటే కేబుల్ మార్చెయ్.

పాత_మోడెమ్:
కేబుల్ అప్పుడే కొనకండి. వైరు లూజ్ అయితే చెత్త ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, మీకలా లేదనిపిస్తోంది. ఏ అంకెలు బాగా వస్తున్నాయో, ఏవి రావట్లేదో రాసి పెట్టండి.

మిల్లు_లైనక్స్:
పది లారీలు చూసిన అన్నా. 0, 3, 5, 6, 9 ఎప్పుడూ మంచిగనే వస్తున్నయ్. 1, 2, 4, 7, 8 ఎప్పుడూ ప్రశ్న గుర్తే. 24180 అయితే చివరి సున్నా ఒక్కటే కనబడ్డది.

పాత_మోడెమ్:
అయితే కేబుల్ బాగానే ఉంది, స్పీడు కూడా కరెక్టే. మీ కాంటా 7 బిట్లు, ఈవెన్ పారిటీతో (మొత్తం ఒకట్ల లెక్క సరి సంఖ్య అయ్యేలా చివర ఇంకో బిట్ కలిపి) పంపుతోంది, మీరు 8 బిట్లు, పారిటీ లేకుండా చదువుతున్నారు. 3 ఆస్కీలో (అక్షరాలకి, అంకెలకి నంబర్లిచ్చే పట్టికలో) 51, అంటే బైనరీలో నాలుగు ఒకట్లు, సరి సంఖ్య కాబట్టి పారిటీ బిట్ 0, అందుకే అంకె చెడకుండా వస్తోంది. 2 అంటే 50, అందులో మూడు ఒకట్లే, సరి చెయ్యడానికి పారిటీ బిట్ 1 అవుతుంది, మీ సిస్టమ్ దాన్ని ఎనిమిదో బిట్ అనుకుని 178 గా చదువుతోంది. మీరు రాసిన ఐదూ ఐదూ కచ్చితంగా ఇలాగే విడిపోతాయి, అదే ఆడ్ (బేసి) పారిటీ అయితే తిరగబడి 1, 2, 4, 7, 8 బాగా వచ్చేవి.

పోర్ట్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై కమాండ్‌లో 9600 తర్వాత రా (వచ్చింది వచ్చినట్టే ఇవ్వడం), సీఎస్7 (7 బిట్లు), పేరెన్‌బీ (పారిటీ ఉంది), మైనస్ పేర్‌ఆడ్ (ఆడ్ కాదు, ఈవెన్), మైనస్ ఎకో (వచ్చింది తిరిగి పంపొద్దు) ఇవ్వండి. రా ముందే ఉండాలి, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో అయితే రా అనగానే మళ్ళీ 8 బిట్లకి వెళ్ళిపోతుంది, లైనక్స్‌లో అలా కాకపోయినా ఆ వరస అలవాటు చేసుకుంటే మంచిదండి.

మిల్లు_లైనక్స్:
వచ్చింది అన్నా!! 24180 పూర్తిగ వచ్చింది. కానీ కేబుల్ పీకి పెడితే మళ్ళ మొదటికే వస్తుంది.

పాత_మోడెమ్:
అవును, పీకితే సెట్టింగ్ పోయి 9600, 8 బిట్లకి వచ్చేస్తుంది. అందుకే బిల్లింగ్ ప్రోగ్రామే పోర్ట్ తెరిచిన ప్రతిసారీ ఇవన్నీ సెట్ చెయ్యాలి, పైథాన్‌లోని పైసీరియల్ లైబ్రరీ అయితే బైట్‌సైజ్ 7, పారిటీ ఈవెన్ ఇస్తే చాలు. టీటీవైయూఎస్‌బీ0 అన్న పేరు కూడా నమ్మకండి, ఇంకో కేబుల్ పెట్టిన రోజు అది 1 అయిపోవచ్చు. డెవ్ కింద సీరియల్ ఫోల్డర్‌లో బై-పాత్ పేరు (కేబుల్ ఏ యూఎస్‌బీ పోర్ట్‌లో ఉందో దాన్ని బట్టి వచ్చేది) వాడండి. సీహెచ్340 లకి మామూలుగా సీరియల్ నంబర్ ఉండదు, రెండు పెడితే కేబుల్ గుర్తింపును బట్టి వచ్చే బై-ఐడీ పేరుతో ఏది కాంటాయో తేలదు. కేబుల్ పెట్టిన యూఎస్‌బీ పోర్ట్ మాత్రం మార్చొద్దని తమ్ముడికి చెప్పండి.

మిల్లు_లైనక్స్:
పోర్ట్ మీద టేప్ అతికించి కాంటా అని రాసి పెట్టిన అన్నా. రేపు పొద్దున లోడ్లు రాకముందే ప్రోగ్రామ్‌ల మారుస్త.