అప్‌డేట్: అమ్మ కన్ను ఎర్రబడ్డా నొప్పి లేకపోవడానికి కారణం తెలిసింది

అమ్మకి చాలా ఏళ్లుగా షుగర్ ఉందని, ఒక కన్ను ఎర్రబడి మసకగా ఉంటున్నా నొప్పి లేదంటోందని, ఇది షుగర్ వల్లేనా అని ఇదివరకు అడిగాను కదా. కార్నియా డాక్టర్‌కి చూపించమన్నవాళ్లందరికీ చాలా థాంక్స్. చూపించాం.

రెటీనా, అంటే కంటి వెనక పొర, బాగానే ఉంది. ఇబ్బందంతా కార్నియాలో, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరలో. డాక్టర్ దూదిని సన్నగా మెలిపెట్టి, ఆ కొసతో నల్లగుడ్డుని తాకారు. మామూలుగా అయితే ఠక్కున రెప్ప పడిపోతుంది. అమ్మ రెప్ప కదపకుండా అలాగే చూస్తూ ఉంది! నాకైతే గుండె జారిపోయింది. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినట్టే కార్నియాలోని సన్నటి నరాలూ దెబ్బతింటాయట. స్పర్శ తగ్గితే రెప్పపాటు, కన్నీళ్లు కూడా తగ్గుతాయి. గీతలు పడ్డా తెలియదు. పైగా పైపొర కణాలు అడుగు పొరకి గట్టిగా అతుక్కోవు కాబట్టి పుండు త్వరగా మానదు.

రంగు చుక్క వేసి నీలం లైట్‌లో చూస్తే, పొర లేచిన చోట పచ్చగా మెరిసింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఇన్‌ఫెక్షన్ వచ్చేదేమో.

ఇప్పుడు ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, రాత్రికి ఆయింట్‌మెంట్ వాడుతున్నాం. షుగర్ కూడా అదుపులో పెట్టాలన్నారు. ఎరుపు తగ్గింది, పొర లేచిన చోటు చిన్నదైంది కానీ పూర్తిగా మానలేదు. అమ్మకి చేయాల్సిన శుక్లాల ఆపరేషన్ మాత్రం వాయిదా వేశారు. పైపొర మానితేనే కంట్లో పెట్టే లెన్స్ కొలతలు సరిగ్గా వస్తాయట.