సరిహద్దు ఊళ్లో 108 కాల్ అటు పోతే ఏం చెయ్యాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర. 108 కొడితే ఒక్కోసారి ఆంధ్రా వాళ్లు ఎత్తుతున్నారు. అగ్గి పడితే 101 కూడా ఇంతేనా?

జవాబు: అంతేనండి. ఫోను ఏ రాష్ట్రం టవర్ పట్టుకుంటే అక్కడికే కాల్ పోతుంది. మొదటి మాటే "ఒడిశా, గజపతి, ఫలానా బ్లాక్, పంచాయతీ" అనండి. ఒకే పేరున్న ఊళ్లు రెండు వైపులా ఉంటాయి. దగ్గరి ఫైర్ స్టేషన్ నంబరు పంచాయతీ గోడ మీద రాయించండి, ఇది మరవొద్దు.

మరో జవాబు: ఫైరింజన్ వచ్చాక అసలు ఇబ్బంది నీళ్లే. 4,500 లీటర్ల ట్యాంకు నిమిషానికి 450 చొప్పున వదిలితే 10 నిమిషాల్లో ఖాళీ. మళ్లీ నింపుకోడానికి బండి పోయేలా చెరువు గట్టు దాకా దారి ఉంచండి. నీటిమట్టం పంపుకు 7 మీటర్లకు మించి కిందుంటే పంపు లాగలేదు. నీళ్లు లాగే గొట్టం మూతికి జాలీ లేకుంటే నాచు అడ్డుపడుతుంది.

ఇంకో మాట: పూరిళ్ల వరసైతే గాలి మంటను తోసే వైపున్న కప్పులు ముందే తడపండి.