పాత మిల్లింగ్ మిషన్ టేబుల్‌కు పవర్ ఫీడ్ పెట్టించాలా, ఆ డబ్బుతో ముందు టేబుల్‌ను నడిపే స్క్రూ, నట్టు మార్చాలా?

బెజవాడ మిల్లింగ్:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. లేత్, డ్రిల్లింగ్ మిషన్‌తో పాటు ఒక పాత ఎం1టీఆర్ మిల్లింగ్ మిషన్ ఉంది. దాని మీద వచ్చే పనిలో సగానికి పైగా కారు, వ్యాను సిలిండర్ హెడ్ల ఫేసింగే (ముఖం చదునుగా కోయడం). మిగతావి ప్లేట్లు, బ్రాకెట్లు, కీవేలు (షాఫ్టులో కీ కూర్చునే గాడి). టేబుల్ పొడుగు వైపు పవర్ ఫీడ్, అంటే హ్యాండిల్ తిప్పే పని లేకుండా మోటారే టేబుల్‌ను నడిపే యూనిట్, పెట్టిద్దామని నా ఆలోచన. మా బాబాయ్ ఒప్పుకోవట్లేదు. "స్క్రూ అరిగిన మిషన్‌కు మోటారు తగిలిస్తే ఏం లాభం, ఆ డబ్బు పెట్టి నట్టు మార్చు" అంటారు. నాకు పని నేర్పింది ఆయనే, ఆ మిషన్ మీదే. అందుకని ఆయన మాట కాదనాలంటే నా దగ్గర సరైన కారణం ఉండాలి. పక్క షెడ్డు వాళ్లేమో లారీ వైపర్ మోటారుతో చవగ్గా అయిపోతుందంటున్నారు. పెట్టించుకున్నవాళ్లు, పెట్టించి తీసేసినవాళ్లు కూడా చెప్పండి.

ఆటోనగర్ రీకండిషన్:
హెడ్ ఫేసింగ్ చేసే షెడ్డుకు పవర్ ఫీడ్ ఉండి తీరాలి తమ్ముడూ. లెక్క చూడు. 150 మి.మీ. ఫ్లై కట్టర్ (ఒక్క టూలు బిగించి తిప్పే కట్టర్), స్పిండిల్ 400 ఆర్‌పీఎం. కోసేది ఒక్క టూలే కాబట్టి స్పిండిల్ ఒక చుట్టు తిరిగేలోపు టేబుల్ 0.1 మి.మీ. జరగాలనుకుందాం. అంటే నిమిషానికి 40 మి.మీ. నీ స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు టేబుల్ జరిగే దూరం) 5 మి.మీ. అయితే హ్యాండిల్ నిమిషానికి 8 చుట్లే తిరగాలి. ఒక్కో చుట్టుకు ఏడెనిమిది సెకన్లు. హ్యాండిల్ గబగబా తిప్పడం ఎవరికైనా వస్తుంది. ఇంత నిదానంగా, ఎక్కడా తగ్గకుండా పెరగకుండా తిప్పడమే గగనం. 400 మి.మీ. హెడ్ మీద కట్టర్ పూర్తిగా దాటాలంటే టేబుల్ 550 మి.మీ. నడవాలి. దాదాపు 14 నిమిషాలు.

చేత్తో ఫేసింగ్ చేసిన అల్యూమినియం హెడ్‌ను ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడు. 5 మి.మీ.కు ఒకటి చొప్పున సన్నటి అలలు కనిపిస్తాయి. హ్యాండిల్ కిందికి తోసేటప్పుడు ఒక వేగం, పైకి లాగేటప్పుడు ఒక వేగం, దాని ముద్రే అది. చెయ్యి మార్చుకోవడానికి ఆగిన చోట కట్టర్ అక్కడక్కడే తిరిగి రుద్దుతుంది, గోరు పెట్టి లాగితే తగిలేంత గీత పడుతుంది. పాత రకం గ్యాస్కెట్లయితే మెత్తగా ఉండి సర్దుకునేవి. ఇప్పుడు చాలా కార్లలో వచ్చే స్టీలు పొరల గ్యాస్కెట్లు ఆ మాత్రం గరుకును కూడా ఒప్పుకోవు. హెడ్ బిగించాక నీళ్లు కారితే కస్టమర్ వచ్చి అడిగేది నిన్నే.

చేతి ఫీడ్:
బాబాయ్ గారి మాట తీసిపారేసేది కాదు. ముందు ఒక పని చెయ్యి. డయల్ గేజ్ మాగ్నెట్ స్టాండుతో సాడిల్ (టేబుల్ కింద ఉండే భాగం) మీద పెట్టి, దాని మొన టేబుల్‌కు ఆనించు. హ్యాండిల్ ఒక వైపు తిప్పి ఆపి, మళ్లీ ఎదురు తిప్పు. గేజ్ ముల్లు కదిలేలోపు హ్యాండిల్ డయల్ మీద ఎన్ని గీతలు పోయాయో చూడు. అదే నీ లూజు. టేబుల్ మధ్యలో ఒకసారి, రెండు చివర్లలో ఒక్కోసారి చూడు.

ఆ లూజుతో పవర్ ఫీడ్ పెడితే ఏమవుతుందో చెప్తా. ఎండ్ మిల్‌తో పక్క కోత కోస్తున్నావనుకో. కట్టర్ పళ్లు కదిలే దిక్కూ, జాబ్ నడిచే దిక్కూ ఒకటైతే కట్టర్ జాబ్‌ను తన వైపు లాక్కుంటుంది. నట్టులో ఎంత లూజుంటే టేబుల్ అంత ఒక్కసారిగా దూకుతుంది. 10 మి.మీ. కట్టర్‌కు పంటికి 0.05 మి.మీ. తినిపించాల్సిన చోట అర మిల్లీమీటరు మీద పడితే కట్టర్ విరుగుతుంది, లేదా వైస్‌లోంచి జాబ్ లేస్తుంది. చెయ్యి హ్యాండిల్ మీద ఉంటే ఆ లాగుడు అరచేతికి ముందే తెలుస్తుంది, వెంటనే వెనక్కి తీస్తాం. మోటారుకు ఆ స్పర్శ లేదు, అది తోస్తూనే ఉంటుంది.

ఇంకో మాట. మీ షెడ్డులో కీవేలూ బ్రాకెట్లూ ఉన్నాయన్నావు. 30 మి.మీ. కీవేకు పవర్ ఫీడ్ ఆన్ చేసేలోపు చేత్తో అయిపోతుంది.

ఆటోనగర్ రీకండిషన్:
అన్నా, ఎండ్ మిల్ పక్క కోత గురించి మీరు చెప్పింది నిజమే, అందులో వాదన లేదు. కానీ తమ్ముడు చేసేది ఎక్కువగా ఫేసింగ్. హెడ్ వెడల్పు మధ్యగా ఫ్లై కట్టర్ నడిస్తే కోత సగం ఎదురు (పళ్లు జాబ్ నడకకు ఎదురుగా కదిలేది), సగం వాటం (రెండూ ఒకే దిక్కు). ఫినిషింగ్ కోతలో తీసేది కూడా 0.05, 0.1 మి.మీ. మాత్రమే. అక్కడ టేబుల్ దూకేంత లాగుడు ఉండదు. టేబుల్ గిబ్ (టేబుల్ జారుడు బిగువు సర్దే పట్టీ) కాస్త బిగువుగా పెట్టుకుంటే చాలు.

నట్టు ఒక్కటే మార్చడం సగం వైద్యం. వైస్ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి అరిగేది స్క్రూ మధ్య భాగమే. కొత్త నట్టు మధ్యలో సరిపోయేలా బిగిస్తే చివర్లకు వెళ్లేసరికి పట్టేస్తుంది. చివర్లకు సరిపెడితే మధ్యలో లూజు ఉండనే ఉంటుంది. మారిస్తే స్క్రూ, నట్టు రెండూ మార్చాలి. ఆ ఖర్చు బాబాయ్ గారు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువ, పైగా అవి వచ్చేదాకా మిషన్ ఆగిపోతుంది.

లారీ ఎలక్ట్రీషియన్:
వైపర్ మోటారు గురించి నేను చెప్తాను. 24 వోల్టుల లారీ వైపర్ మోటారు ఆటోనగర్‌లో ఏ పాత సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది. లోపల వార్మ్ గేర్ ఉంటుంది కాబట్టి తిరుగుడు నిదానం, బలం ఎక్కువ. ఒక స్పీడ్ కంట్రోలర్ బోర్డు, ఒక పవర్ సప్లై, చైను, రెండు స్ప్రాకెట్లు. రెడీమేడ్ యూనిట్ ఖర్చులో చిన్న భాగంతో పని జరుగుతుంది. చెడిపోతే ఇంకోటి తెచ్చి బిగించుకోవచ్చు. రెడీమేడ్ యూనిట్ బోర్డు కాలిపోతే ఇక్కడ రిపేరు చేసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

గుంటూరు ఫిట్టర్:
వైపర్ మోటారు నడుస్తుంది, నడవదనను. మాది గుంటూరు, స్పిన్నింగ్ మిల్లుల విడిభాగాలు చేస్తాం, రెండు రకాలూ బిగించాను. వైపర్ మోటారుతో ఉన్న చిక్కులు కూడా చెప్పాలి కదా. మొదటిది, వార్మ్ గేర్ వెనక్కి తిరగదు. క్లచ్ పెట్టకపోతే చేతి హ్యాండిల్ కదలదు, కాబట్టి విడదీసే క్లచ్ ఒకటి లేత్ మీద చేసుకోవాలి. రెండోది, చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ బాడీకే కలిపి ఉంటుంది. వెనక్కి తిప్పడానికి వైర్లు మార్చావంటే బాడీకి పాజిటివ్ వస్తుంది. మోటారును మిషన్ నుంచి ఫైబర్ ముక్కతో వేరుచేసి బిగించకపోతే షార్ట్. అసలు చిక్కు మూడోది. సాదా కంట్రోలర్ బోర్డుతో బాగా నిదానంగా నడిపితే మోటారు బలం పడిపోతుంది. గట్టి చోటు తగలగానే మందగిస్తుంది, దాటగానే పరుగెడుతుంది. ప్లేట్ల రఫ్ కటింగ్‌కు ఇబ్బంది లేదు. రీకండిషన్ అన్న చెప్పిన నిమిషానికి 8 చుట్ల పనికి మాత్రం ఆ మోటారును నమ్మలేం. ఆ అలలు పోగొట్టడానికే కదా ఈ ఖర్చంతా.

రెడీమేడ్ యూనిట్ కొనేముందు కొలతలు తీసుకో తమ్ముడూ. అవి సాధారణంగా బ్రిడ్జ్‌పోర్ట్ అనే విదేశీ మిల్లింగ్ మిషన్ కొలతలకు చేసినవి. మన దేశంలో తయారైన ఎం1టీఆర్‌లలో ఒక్కో తయారీదారు షాఫ్ట్ ఒక్కో రకం. కుడి వైపు నట్టు, హ్యాండిల్, డయల్ రింగు తీసేస్తే బేరింగ్ బ్రాకెట్ కనిపిస్తుంది. బ్రాకెట్ ముఖం నుంచి స్క్రూ చివర ఎంత బయటకు ఉంది, మెట్లు ఎన్ని, ఒక్కోదాని వ్యాసం ఎంత, కీ వెడల్పు ఎంత, బ్రాకెట్ బోల్టుల మధ్య దూరం ఎంత, అన్నీ కాగితం మీద బొమ్మ గీసి రాసుకో. షాఫ్ట్ పొట్టిగా ఉంటే పొడిగింపు ముక్క చేయాలి. గేర్ బోరు పెద్దదైతే బుష్ వేయాలి.

బిగించేటప్పుడు జాగ్రత్త అంతా బెవెల్ గేర్ దగ్గరే. స్క్రూ మీద కూర్చునే గేర్, యూనిట్ లోపలి చిన్న గేర్ పళ్లు మరీ బిగుతుగా కలిస్తే గోల చేస్తూ అరుగుతాయి, మరీ వదులైతే పళ్ల మొనలు తెగుతాయి. గేర్ వెనక షిమ్ వాషర్లు (పల్చటి రేకు వాషర్లు) ఒక్కొక్కటే వేస్తూ, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడాలి. ఎక్కడా పట్టకుండా, పళ్ల మధ్య 0.1 మి.మీ. చిల్లర ఖాళీ ఉండాలి. ఒక్క చోట మాత్రమే పడుతుంటే బుష్ బోరు వంకరగా ఉందని అర్థం. షిమ్ మార్చి ప్రయోజనం లేదు, బుష్ మళ్లీ చేయాల్సిందే. వోల్టేజీ కూడా చూసుకో, ఆ యూనిట్లు 110 వోల్టులవీ ఉంటాయి, 220 వోల్టులవీ ఉంటాయి.

ప్యానెల్ వైరింగ్:
ఇంతమందిలో ఎవరూ అడగని సంగతి ఒకటుంది. స్పిండిల్ మోటారు త్రీ ఫేజ్, పవర్ ఫీడ్ సింగిల్ ఫేజ్. రెండూ వేర్వేరు. ఎండాకాలంలో ఒక ఫేజ్ పోవడం మనకు కొత్త కాదు. పోయిన ఫేజ్ వేరేదై, ఫీడ్ ఉన్న ఫేజ్‌లో కరెంటు అలాగే ఉంటే? ఓవర్‌లోడ్ రిలే కొట్టేసి స్పిండిల్ ఆగుతుంది. టేబుల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది, ఆగిపోయిన కట్టర్ మీదికి జాబ్‌ను తోస్తుంది. కస్టమర్ హెడ్ పాడవుతుంది, కట్టర్ విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం.

కాబట్టి పవర్ ఫీడ్‌ను గోడ సాకెట్‌కు నేరుగా పెట్టకండి. స్పిండిల్ కాంటాక్టర్‌లో (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) ఖాళీగా ఉన్న ఆక్సిలరీ కాంటాక్ట్ (దానితో పాటే కలిసి విడిపోయే చిన్న స్విచ్) ద్వారా ఒక చిన్న రిలే నడిపించి, దాని గుండా ఫీడ్‌కు కరెంటు ఇవ్వండి. ముందుకూ వెనక్కూ రెండు కాంటాక్టర్లుంటే రెండింటి ఆక్సిలరీలను ప్యారలల్‌లో కలపాలి. పాత మిషన్లలో కాంటాక్టర్ లేకుండా చేత్తో తిప్పే డ్రమ్ స్విచ్ మాత్రమే ఉంటుంది. అలా అయితే ముందు కాంటాక్టర్, ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేలా పొలం మోటార్లకు పెట్టే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టించండి, ఆ తర్వాతే ఫీడ్ గురించి ఆలోచించండి. స్పిండిల్ ఆపి టేబుల్ జరుపుకోవాలంటే నొక్కి పట్టుకుంటేనే పనిచేసే బటన్ ఒకటి విడిగా పెడితే సరిపోతుంది.

ఎడమ వైపు హ్యాండిల్ సంగతి కూడా. ర్యాపిడ్‌లో (పూర్తి వేగంతో) టేబుల్ నడిస్తే అది కూడా గిర్రున తిరుగుతుంది. చొక్కా చెయ్యి, మెడలో తువ్వాలు దానికి చుట్టుకుంటాయి. స్ప్రింగుతో దానంతటదే విడిపోయే హ్యాండిల్ పెట్టండి, లేదా పీకి పక్కన పెట్టండి.

ఐటీఐ మాస్టారు:
షెడ్డులో నేర్చుకునే కుర్రాళ్లుంటే నా మాట కూడా వినండి. పిల్లలకు ముందు చేతి ఫీడే నేర్పాలి. కట్టర్ మొద్దుబారితే హ్యాండిల్ బరువెక్కుతుంది, శబ్దం మారుతుంది. ఆ తేడా చేతికి తెలియని కుర్రాడు పవర్ ఫీడ్ ఆన్ చేసి ఫోన్ చూసుకుంటూ నిలబడితే ప్రమాదం. చేతి పని వచ్చాకే వాళ్లకు స్విచ్ అప్పగించండి.

ఆటోనగర్ రీకండిషన్:
మాస్టారూ, నేర్పే పద్ధతి గురించి మీ మాట శిరోధార్యం. కానీ ఆ కుర్రాడి భుజం గురించి కూడా ఆలోచించాలి కదండీ. ఒక ప్లేటుకు 600 మి.మీ. పాస్ అంటే హ్యాండిల్ 120 చుట్లు. వెనక్కి తీసుకురావడానికి ఇంకో 120. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం అది రోజంతా చేయించి, సాయంత్రం ఫినిషింగ్ బాగుండాలంటే ఎలా వస్తుంది? పని వదిలేసి వెళ్లిపోతున్న కుర్రాళ్లలో ఈ బండచాకిరీ భరించలేకే వెళ్తున్నవాళ్లు ఉన్నారు.

చేతి ఫీడ్:
ఫేసింగ్ వరకు రీకండిషన్ వాదన ఒప్పుకుంటాను. పక్క కోతకు మాత్రం పవర్ ఫీడ్ వాడితే ఎప్పుడూ ఎదురు కోతే కోయాలి, ఈ విషయంలో వెనక్కి తగ్గను. ఫీడ్ ఆన్ చేసేముందు టేబుల్ లాక్ వదిలిందీ లేనిదీ చూడాలి. లాక్ బిగించి ఉండగా ఆన్ చేస్తే ముందు పోయేది యూనిట్ గేరే. టేబుల్ హద్దుకు రాగానే ఫీడ్ ఆపే లిమిట్ స్విచ్‌కు తగిలే స్టాపర్లు ప్రతి జాబ్‌కూ మార్చి బిగించాలి, ఆ స్విచ్ చుట్టూ చిప్స్, కూలెంట్ పేరుకోకుండా తుడవాలి.

బెజవాడ మిల్లింగ్:
అందరికీ ధన్యవాదాలు. బాబాయ్‌ను పక్కన కూర్చోబెట్టుకునే డయల్ గేజ్ పెట్టి చూశాను. మధ్యలో లూజు 0.6 మి.మీ., చివర్లలో 0.2. నట్టు ఒక్కటి మారిస్తే తీరేది కాదని ఆ అంకెలు చూశాక ఆయనే అన్నారు. స్క్రూ, నట్టు కలిపి మార్చే పని వచ్చే సంక్రాంతి సెలవులకు అనుకున్నాం. పవర్ ఫీడ్ ఇప్పుడే, రెడీమేడ్ యూనిట్. హెడ్లకూ ప్లేట్ల ఎదురు కోతకూ అది, కీవేలు చేత్తోనే. బాబాయ్ పెట్టిన షరతు అది.

మాది డ్రమ్ స్విచ్ మిషన్. కాబట్టి కాంటాక్టర్, ప్రివెంటర్ పని ముందు జరుగుతుంది. గుంటూరు ఫిట్టర్ అన్నా, షాఫ్ట్ బొమ్మ గీశాను. కొత్త స్క్రూ చేయించేటప్పుడు కుడి చివర యూనిట్ గేర్‌కు సరిపడే వ్యాసం, పొడుగు పెట్టించేస్తే అప్పుడు బుష్, పొడిగింపు ముక్క అక్కర్లేదు కదా? పాత స్క్రూకు ఇప్పుడు వేసే బుష్ తాత్కాలికమే కాబట్టి మైల్డ్ స్టీలుతో చేస్తే చాలా?

గుంటూరు ఫిట్టర్:
మైల్డ్ స్టీలు చాలు తమ్ముడూ. బుష్ బయటి వ్యాసం, లోపలి బోరు ఒకే సెట్టింగులో తియ్యి, చక్‌లోంచి తీసి మళ్లీ పెట్టొద్దు. కీవే మాత్రం లూజు లేకుండా ఉండాలి. కొత్త స్క్రూ ఆర్డర్ ఇచ్చేముందు యూనిట్ చేతికి రానీ, గేర్ బోరు నువ్వే కొలిచి ఆ కొలతే డ్రాయింగ్‌లో పెట్టు.