టోర్కీ నుంచి ఒసెగోర్ వరకు: సర్ఫింగ్ బ్రాండ్ల విస్తరణలో ప్రాంతీయ క్లస్టర్ల పాత్ర ఎంత?

వాణిజ్యవిద్యార్థి:
ఒకే రంగానికి చెందిన సంస్థలు ఒకే ప్రాంతంలో చేరి ఏర్పడే క్లస్టర్ల గురించి చదివినప్పుడల్లా ముడిసరుకు దగ్గరలో దొరకడం, కూలి ఖర్చు తగ్గడం, రవాణా కలిసిరావడం అనే కారణాలే ఎదురవుతున్నాయి. ఆస్ట్రేలియాలోని టోర్కీ విషయంలో ఇవేవీ సరిపోవడం లేదు. సర్ఫింగ్ (బోర్డుపై నిలబడి అలల మీద జారే క్రీడ) బ్రాండ్లు రిప్ కర్ల్, క్విక్‌సిల్వర్ రెండూ 1969లో ఆ చిన్న ఊళ్లోనే పుట్టి ప్రపంచమంతటా విస్తరించాయి. పక్కపక్కనే ఉండటం వాటికి విదేశాల్లో నిజంగా ఉపకరించిందా, లేక అది కాకతాళీయమేనా?

తీరరేఖ:
కాకతాళీయం కానే కాదని నా అభిప్రాయం. టోర్కీకి చేరువలో ఉన్న బెల్స్ బీచ్‌లో అలలు గొప్పవి, నీళ్లు మాత్రం వణికించేంత చల్లనివి. అందుకే రిప్ కర్ల్ స్థాపకులు డగ్ వార్‌బ్రిక్, బ్రయన్ సింగర్ సర్ఫ్‌బోర్డులతో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే వెట్‌సూట్ల (చల్లటి నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు దుస్తుల) తయారీకి దిగారు. ఆ పనిలో వారితో కలిసి ఉన్న అలన్ గ్రీన్, విడిగా క్విక్‌సిల్వర్ పేరుతో బోర్డ్‌షార్ట్‌లు (సర్ఫింగ్‌కు తొడుక్కునే నిక్కర్లు) కుట్టించారు. వెనుక నడుము ఎత్తుగా, ముందు బొత్తాలకు బదులు నొక్కుడు గుండీలు, వెల్‌క్రోతో ఉండే ఆ నమూనా అలల్లో జారిపోకుండా నిలిచేది. కుట్టినవారే ఆ సాయంత్రం తొడుక్కుని నీళ్లలోకి దిగగలిగే ఊళ్లో లోపం బయటపడటానికి, దాన్ని సరిదిద్దటానికి పట్టే కాలం ఎంత తక్కువో ఆలోచించండి. పైగా బెల్స్‌లో 1960ల తొలినాళ్ల నుంచి ఈస్టర్ పోటీలు జరుగుతున్నాయి. 1973 నుంచి వాటికి రిప్ కర్ల్ ప్రాయోజకత్వం వహించింది. పేరున్న విదేశీ సర్ఫర్లు ఏటా తామే ఆ ఊరికి వచ్చి సరుకును చూసి వెళ్లేవారు.

ఎగుమతిదారు:
తీరరేఖ గారు చెప్పిన ఆ పోటీయే విదేశీ విస్తరణకు ద్వారం తెరిచింది. హవాయి అలలపై పేరు తెచ్చుకున్న జెఫ్ హాక్‌మన్ 1976లో బెల్స్ పోటీ గెలిచి, అమెరికాలో క్విక్‌సిల్వర్ తయారుచేసి అమ్మే లైసెన్సు సంపాదించి, బాబ్ మెక్‌నైట్‌తో కలిసి కాలిఫోర్నియాలో వ్యాపారం ప్రారంభించారు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, టోర్కీ నుంచి దాటింది పెట్టెల్లోని సరుకు కన్నా నమూనా, పేరు, ఆ పేరును నమ్మిన మనుషులు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో బోర్డులు చెక్కేవారు, దుకాణదారులు, సర్ఫింగ్ పత్రికలవారు అప్పటికే ఉన్నారు కనుక, కొత్తగా వచ్చిన బ్రాండుకు మార్కెట్‌ను మొదటి నుంచి నిర్మించుకునే భారం తప్పింది. యూరప్‌లోనూ ఇదే జరిగింది. హాక్‌మన్ తదితరులు 1984లో ఫ్రాన్స్ నైరుతి తీరాన క్విక్‌సిల్వర్ యూరప్ స్థాపించారు; రిప్ కర్ల్‌తోపాటు మరో ఆస్ట్రేలియా సర్ఫింగ్ బ్రాండు బిల్లాబాంగ్ యూరప్ కార్యాలయాలు సమీపంలోని ఒసెగోర్ ప్రాంతంలో వెలిశాయి. ఈ సంస్థలు పోటీదారులైనప్పటికీ యూరోసిమా అనే సర్ఫింగ్ సంస్థల సంఘం ద్వారా ఉమ్మడి ప్రయోజనాల కోసం కలిసి పనిచేయడం నాకు అన్నిటికన్నా విలువైన విషయంగా తోస్తుంది.

వాణిజ్యవిద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అందరూ ఒకే చోట చేరడం వల్ల నష్టమేమీ లేదా?

ఫోమ్‌పరిశీలకుడు:
ఉంది, అది చిన్నది కాదు. ఆరెంజ్ కౌంటీలోని క్లార్క్ ఫోమ్ సంస్థ, అమెరికాలో బోర్డులు చెక్కేందుకు వాడే ఫోమ్ దిమ్మెల్లో అత్యధిక భాగాన్ని ఒక్కటే సరఫరా చేసేది. 2005 డిసెంబరు 5న అది ముందస్తు హెచ్చరిక లేకుండా మూతపడటంతో చెక్కేవారికి పని ఆగింది, దిమ్మెల ధరలు పెరిగాయి. కొత్త సరఫరాదారులు, కొత్త పదార్థాలు రంగంలోకి వచ్చినా, చేతి పనివారిలో కొందరు తిరిగి కోలుకోలేకపోయారు. క్లస్టర్ అంటే సంస్థల సంఖ్య మాత్రమే కాదు, ప్రతి దశకూ ఒకరికన్నా ఎక్కువ మంది ఉండాలి. అలాగే, క్లస్టర్ బలం యాజమాన్యపు అప్పులను మోయలేదు: క్విక్‌సిల్వర్ 2015లో అమెరికాలో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. రిప్ కర్ల్‌ను 2019లో న్యూజిలాండ్‌కు చెందిన, ఆరుబయటి వినోదానికి కావలసిన దుస్తులు, సామగ్రి అమ్మే కాత్‌మండూ సంస్థ 35 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు కొన్నది, కానీ ప్రధాన కార్యాలయాన్ని టోర్కీలోనే కొనసాగించింది. మీ అధ్యయనంలో ఈ రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి చూడమని నా సూచన.